రాస్కోల్నికోవ్‌ని హంతకుణ్ణి చేసింది ఒంటరితనమేనా?

దోస్తోయెవ్‌స్కీ నవల 'నేరం-శిక్ష'లో, చదువు మానేసిన పేద కుర్రోడు రాస్కోల్నికోవ్ వడ్డీకిచ్చే ముసలామెని గొడ్డలితో చంపుతాడు. వాడు ఒంటరోడు కాబట్టి హత్య చేసినాడా, హత్య చేసినాక ఒంటరి అయినాడా అని కదా మీరడిగింది. రెండూ ఉన్నాయి గానీ నేనైతే మొదటిదానికే ఓటేస్తా. ఒంటరితనం వాణ్ణి క్రూరుణ్ణి చేయలేదు, గొప్పోళ్ళు హద్దు దాటినా తప్పు లేదు అనే వాడి ఆలోచనకి అడ్డు చెప్పే మనిషిని లేకుండా చేసింది, అంతే.

చూడండి, వాడు మనుషుల మధ్య ఉన్నంతసేపు మంచోడే. తాగుబోతు మార్మెలాదోవ్‌ని ఇంట్లో దిగబెట్టి, ఆ పిల్లోళ్ళ అవస్థ చూసి జేబులో ఉన్న చిల్లర కిటికీ మీద పెట్టేసి వస్తాడు, మెట్లు దిగతానే ఏం పిచ్చి పని చేసినా, నాకే లేవు కదా అనుకుంటాడు. రోడ్డు మీద తూలిపోతున్న పిల్ల వెనక ఒకడు పడతా ఉంటే పోలీసుని పిలిచి బండికి డబ్బులిస్తాడు, కాసేపటికే వదిలెయ్ నీకెందుకు అని ఆ పోలీసు మీదే అరుస్తాడు.

నాకిది ఎందుకు తగిలిందంటే, గ్రూప్స్‌కి చదివేటప్పుడు తిరుపతిలో బాలాజీ కాలనీ పక్కన మేడ మీద రేకుల రూములో ఉండేవాణ్ణి, అద్దె బాకీ పడి ఓనరక్క కంట్లో పడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని దిగేది (నవల మొదట్లోనే వాడూ ఇంటామెకి దొరక్కుండా అట్లే దిగతాడు, నవ్వాగలేదు). అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధయ్యేది కాదు, ప్రేమగా మాట్లాడితే ఇంకా కోపం. చెల్లెలు దూన్యా తన కోసమే ఆ లూజిన్‌ని చేసుకుంటా ఉందని అమ్మ జాబులో చదివినాక వాడికొచ్చే కోపం కూడా ఇదే బాపతు. ఆ రూములో నాకూ ఒక సిద్ధాంతం తయారైంది, ఉద్యోగాలొచ్చినోళ్ళంతా రికమండేషన్ గాళ్ళు, నేను ఏ అడ్డదారి తొక్కినా తప్పు లేదు అని. ఒకరోజు ఫ్రెండొచ్చి "ఏంరా సామీ, సన్యాసం తీసుకున్నావా" అని బలవంతాన అలిపిరి మెట్లెక్కించినాడు. 3550 మెట్లు కదా, గాలిగోపురం దాటేలోపే అదంతా వాడికి చెప్పేసినా, వాడు పడీపడీ నవ్వినాడు. పైకి అనేసరికి నాకే అది చీప్‌గా వినపడింది.

రాస్కోల్నికోవ్‌కీ అట్లాంటి ఫ్రెండున్నాడు, రజుమీఖిన్. వాడూ అంతే పేదోడు, డబ్బుల్లేకే చదువు ఆపినోడు, అనువాదాలు చేసుకుని నవ్వుతా బతికేస్తా ఉంటాడు, అందుకే పేదరికమే కారణం అనే వాదన నాకు ఎక్కదు. హత్యకి ముందు రోజు రాస్కోల్నికోవ్ వాళ్ళింటికే బయల్దేరి, దారిలో, వద్దులే, 'అది' అయిపోయినాక పోదాం అనుకుంటాడు. గొడ్డలి సీను కన్నా నాకు భయమేసింది అక్కడే.

హత్య తర్వాతది వేరే రకం. వంతెన మీద ఎవరో ఆమె బిచ్చగాడనుకుని ఇచ్చిన 20 కోపెక్కుల నాణెం నేవా నదిలోకి విసిరేసినప్పుడు, అందరి నుంచి తనని తాను కత్తెరతో కత్తిరించుకున్నట్టు అనిపిస్తది వాడికి. ఇంతకు ముందు వాడే తప్పించుకు తిరిగేవాడు, ఇప్పుడు అమ్మా చెల్లీ వచ్చి వాటేసుకున్నా చేతులు లేవవు.

నవల చివర వచ్చే ఎపిలోగ్ మాత్రం వదిలేయొద్దు. సైబీరియాలో 8 ఏళ్ళ శిక్ష, చుట్టూ అంతమంది ఖైదీలు, వాళ్ళకి వీడి వెంట అక్కడికొచ్చిన మార్మెలాదోవ్ కూతురు సోన్యా అంటే ప్రాణం, వీణ్ణి చూస్తే అసహ్యం. ఆ ఎపిలోగ్ అతికించినట్టుందని చాలామంది అంటారు గానీ, నేరం ఒప్పుకున్నంత మాత్రాన మనుషుల్లో కలిసిపోయినట్టు రాయలేదు చూడండి, నాకదే నచ్చింది.