అణు నౌకకి పాత ప్రొపెల్లర్

తమ్ముడూ,

అణుశక్తితో నడిచే విమాన వాహక నౌకల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో "సముద్రంలో తేలియాడే మహానగరం" అని కనబడగానే పక్కన పెట్టేద్దామనుకున్నాను, నిజం చెప్తున్నా. విమాన వాహక నౌక గురించి రాసే ప్రతివాడూ ఆ మాటతోనే మొదలెడతాడు, నేనూ ఒకప్పుడు మొదలెట్టినవాణ్ణే. తర్వాత నాలుగు పేజీలు రియాక్టర్ దగ్గరే కూర్చున్నావు. యురేనియం, ఆవిరి, టర్బైన్లు, అన్నీ కరెక్టే, కానీ పరీక్షకి చదువుతున్నట్టుంది. అసలు కథని ఐదో పేజీలో ఒక్క వాక్యంలో దాటేశావు: "2000లో షార్ల్ ద గోల్ ప్రొపెల్లర్ విరిగింది." అంతేనా?

అక్కడే మొదలెట్టు. ఫ్రాన్స్ వాళ్లు 1989లో బ్రెస్ట్‌లో పని మొదలుపెట్టి, పదేళ్లకు పైగా కట్టుకున్న నౌక అది. కె15 రకం రియాక్టర్లు రెండు, జలాంతర్గాముల కోసం తయారైనవే దీనికీ పెట్టారు. ఇంకా పూర్తిగా సర్వీసులోకి కూడా రాలేదు, 2000 నవంబరులో అట్లాంటిక్‌లో పరీక్షలు జరుగుతుండగా ఎడమవైపు ప్రొపెల్లర్ విరిగింది. ఫ్రాన్స్‌లోని తులోన్ రేవుకి తిరిగొచ్చారు. సరే, స్పేర్ ఉంటుంది కదా, బిగించేస్తారులే అనుకుంటాం. ఉన్నాయి, కానీ వాటిలోనూ అదే జబ్బు, పోత పోసినప్పుడు లోహంలో బుడగలు ఉండిపోయాయి. పోనీ డిజైన్ కాగితాలు తీసి చూద్దామంటే అవి తయారుచేసినవాళ్ల దగ్గర అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. చివరికి క్లెమెన్సో, ఫోష్ అనే పాత నౌకల ప్రొపెల్లర్లు తెచ్చి వేశారు. ఆ రెండూ 1960ల మొదట్లో సర్వీసులోకి వచ్చిన, నూనె మండించే బాయిలర్ నౌకలు! అణుశక్తితో నడిచే కొత్త నౌక, తాతగారి చెప్పులేసుకుని బయల్దేరినట్టు, 27 నాట్లు వెళ్లాల్సింది 24, 25 దగ్గర ఆగిపోయింది. కొత్త ప్రొపెల్లర్లు పడింది 2007లో మొదలైన పెద్ద రిపేరులో.

అన్నట్టు, నువ్వు "27 నాట్లు" అని రాసి వదిలేశావు. మా మేనత్త చదివితే వరి నాట్లనుకుంటుంది. గంటకు దాదాపు 50 కిలోమీటర్లు అని ఒకసారి చెప్పు, ఆ తర్వాత ఎన్ని నాట్లయినా వేసుకో.

ఇంకో చోట "ఏళ్ల తరబడి దీనికి బయటి నుంచి ఏమీ అక్కర్లేదు" అన్నావు. ఇదే మాట నేను పాతికేళ్ల కిందట ఒక పత్రికలో రాస్తే, రిటైరైన నావికుడొకాయన కార్డు ముక్క మీద ఒకే ప్రశ్న రాసి పంపాడు: "మరి అన్నం?" సిగ్గుతో చచ్చిపోయాను. రియాక్టర్ నడిపేది నౌకని. విమానాలకి జెట్ ఇంధనం కావాలి, మనుషులకి తిండి కావాలి, విరిగినదాని బదులు కొత్తది కావాలి, ఇవన్నీ నడిసముద్రంలోనే ఇంకో ఓడ పక్కన చేరి తాళ్ల మీదుగానో, హెలికాప్టర్లోనో అందించాలి. అమెరికా వాళ్లు తమ నౌకల మీదికి ఎఫ్-35 యుద్ధ విమానం తెచ్చుకున్నాక, దాని ఇంజిన్ పాత సరకు విమానంలో పట్టక, హెలికాప్టర్‌లా నిలువుగా లేచే ఆస్ప్రే విమానాన్ని దింపారు. ఇలాంటి ముక్క ఒక్కటుంటే నీ యురేనియం పేరా మొత్తం కొట్టేసినా ఎవరూ అడగరు.

అమెరికా వాళ్ల అణు విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ గురించి రాసింది బాగుంది, కానీ సగంలో వదిలేశావు. 1961లో సర్వీసులోకి వచ్చింది, 8 రియాక్టర్లు, ఆ నమూనాలో కట్టింది అదొక్కటే. ఇంకా కడదామనుకున్నారు, ఖర్చు చూసి మానేశారు. ఒక్కటే ఉన్న నౌకకి విడిభాగాలు ఎవరు నిల్వ పెడతారు? 2012 దాకా నడిపారు. దాని లంగరు ఒకటి ఇప్పుడు అబ్రహాం లింకన్ అనే ఇంకో అమెరికా నౌకకి ఉంది. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, మనల్ని బెదిరించడానికి బంగాళాఖాతంలోకి వచ్చింది కూడా ఇదే, విశాఖలో పెరిగినవాడివి, ఆ సంగతి చివర ఫుట్‌నోట్లో పడేయడానికి నీకు మనసెలా వచ్చింది?

తిరగరాయి. ప్రొపెల్లర్‌తో మొదలెట్టు, రియాక్టర్‌కి ఒక పేరా చాలు. దసరా లోపు పంపితే చూస్తాను, తర్వాత కంటి ఆపరేషన్ ఉంది.

మీ అన్నయ్య