సోలార్ నీళ్లకు రాగి గొట్టాలా, సీపీవీసీనా?

ప్రశ్న: తిరుపతిలో కొత్త ఇల్లు కడుతున్నాం. మిద్దెమీది సోలార్ హీటర్ నుంచి స్నానాలగదికి రాగి పైపు వేయిద్దామంటే, మేస్త్రీ సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇల్లంతా రాగి అక్కర్లేదమ్మా. సోలార్ ట్యాంకు నుంచి దిగే వేడినీటి లైను వరకు రాగి వేయించండి, మిగతాది సీపీవీసీ చాలు. ఎండాకాలంలో రెండు రోజులు నీళ్లు వాడకపోతే ట్యాంకులో నీరు మరుగు దాకా పోతుంది. సీపీవీసీ తట్టుకునేది సుమారు 93 డిగ్రీల వరకే. రాగికి ఆ భయం లేదు, వేడికి సాగడం కూడా సీపీవీసీలో నాలుగో వంతే. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ.

చెడేది అతుకుల దగ్గరే. పైపు కోశాక లోపలి అంచు గీకి, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి పూసే పేస్టు) పూయాలి. మంట ఫిట్టింగుకు పెట్టాలి, కరిగి అతికించే లోహపు తీగ అయిన సోల్డర్‌కు కాదు. సోల్డర్ సీసం లేనిదే కొనండి. పైపులో చుక్క నీరున్నా అతుకు పట్టదు.

రాగిని జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుకు నేరుగా బిగించనివ్వకండి, మధ్యలో ఇత్తడి ఫిట్టింగ్ ఉండాలి. నీళ్లు వెళ్లే దారిలో రాగి తర్వాత జీఐ వస్తే జీఐకి తూట్లు పడతాయి.

ముందు బోరునీళ్లు పరీక్ష చేయించండి. పీహెచ్ (నీటి ఆమ్లగుణాన్ని చెప్పే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.5 కన్నా తక్కువైతే రాగి కరుగుతుంది, సింకులో నీలిపచ్చ మరకలు పడతాయి. అలాంటి నీళ్లకు రాగి వద్దు.