మీ ప్రశ్నలకు జవాబులు: రేడియో అల నుంచి ఎక్స్‌రే దాకా

ప్రశ్న: చెరువులో అలకి నీళ్లున్నాయి, మాటకి గాలి ఉంది. సూర్యుడికీ మనకీ మధ్య ఏమీ లేదు కదా, మరి కాంతి అల దేనితో తయారైంది?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: క్షేత్రంతో. పుస్తకంలో ఈ మాట చదివితే ఏమీ చేతికి అందనట్టు ఉంటుంది కాబట్టి ఇలా చూడండి. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనను చిన్న చిన్న కాగితం ముక్కల మీదికి తెండి. ఇంకా తాకకముందే ముక్కలు లేచి నిలబడతాయి. మధ్యలో దారం లేదు, జిగురు లేదు. లాగుతున్నది ఆ జాగాలో ఏర్పడ్డ విద్యుత్ క్షేత్రం. గాలి మొత్తం తీసేసినా ఆ లాగుడు పోదు.

ఆ దువ్వెనను పైకీ కిందికీ ఊపారనుకోండి, క్షేత్రమూ మారుతూ ఉంటుంది. విద్యుత్ క్షేత్రం మారేచోట అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అయస్కాంత క్షేత్రం మారేచోట మళ్లీ విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఈ జంట మార్పు పుట్టినచోటే ఉండిపోకుండా సెకనుకు 2,99,792 కిలోమీటర్ల వేగంతో బయటికి సాగిపోతుంది. విద్యుదయస్కాంత తరంగం అంటే అదే. 1865లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ప్రచురించిన సిద్ధాంతంలో ఈ వేగం కేవలం విద్యుత్తు, అయస్కాంతాల కొలతల నుంచే వచ్చింది. అప్పటికే తెలిసిన కాంతి వేగంతో అది సరిపోవడంతో కాంతి కూడా ఇదే జాతి అని ఆయన తేల్చారు. 1887-88లో హెర్ట్జ్ నిప్పురవ్వలతో ఇలాంటి అలల్ని పుట్టించి, దూరాన మరో తీగచుట్టలో పట్టి చూపించారు. మన జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో మిల్లీమీటర్ల పొడవున్న అలలతో గోడ అవతలి గంట మోగించారు.

పుస్తకంలో బొమ్మ చూసి చాలామంది పొరబడతారు. ఒకదానికొకటి అడ్డంగా రెండు పాములు మెలికలు తిరుగుతూ పోతున్నట్టు ఉంటుంది కదా, నిజానికి అక్కడ ఏదీ పైకీ కిందికీ కదలదు. ఆ గీత ఎత్తు, ఆ బిందువు దగ్గర క్షేత్రం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత మాత్రమే. ఇంకొకటి, ‘విద్యుత్ క్షేత్రం సున్నా అయినప్పుడు అయస్కాంత క్షేత్రం గరిష్ఠంగా ఉంటుంది’ అని రాయకండి. శూన్యంలో సాగే అలలో రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే సున్నా అవుతాయి.

ప్రశ్న: రేడియోలో ఎఫ్‌ఎం పెట్టినప్పుడు స్టీలు ఏరియల్ లాగితే బాగా వినిపిస్తుంది. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌కి మాత్రం ఎంత లాగినా తేడా లేదు. ఎందుకని?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: రెండూ ఒకే రకం అలలు, పొడవులోనే తేడా. సెకనుకు పది లక్షల అలలు వస్తే ఒక మెగాహెర్ట్జ్. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. ఎఫ్‌ఎం 100 మెగాహెర్ట్జ్ అయితే 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్లు, ఏరియల్‌కి సరైన పొడవు. మీ కడ్డీని దాదాపు అంత లాగాలి. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే 0.837 మెగాహెర్ట్జ్. అల పొడవు దాదాపు 358 మీటర్లు, నాలుగో వంతే 90 మీటర్లు. అంత అలకి మూరెడు కడ్డీ ఏ మూలకి!

అందుకే మీడియం వేవ్ కోసం సెట్టు లోపల రాగితీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. అది అలలోని అయస్కాంత క్షేత్రాన్ని పడుతుంది. కడ్డీ కొన కేంద్రం వైపు తిరిగితే మాట సన్నబడుతుంది, పక్కభాగం తిరిగితే పెరుగుతుంది. కాబట్టి ఏరియల్‌ని వదిలేసి సెట్టునే బల్ల మీద మెల్లగా పావు చుట్టు తిప్పి చూడండి. బరబర అప్పటికీ పోకపోతే దగ్గర్లోని ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ ఆపి చూడండి. చాలాసార్లు దోషం వాటిదే.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్ తలుపు జల్లెడలోంచి లోపలి లైటు బయటికి కనిపిస్తోంది. మరి మైక్రోవేవ్‌లు రావా?
– గృహిణి, సిద్దిపేట

జవాబు: జల్లెడ చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఓవెన్ అల పొడవు 12.2 సెంటీమీటర్లు. తనకంటే అంత చిన్న చిల్లులున్న లోహపు జల్లెడ ఆ అలకి గోడతో సమానం. కాంతి అల పొడవు మిల్లీమీటరులో దాదాపు రెండువేలో వంతు కాబట్టి దానికి అదే చిల్లు సింహద్వారం. తలుపు సొట్టపడినా, అంచులు సరిగా మూసుకోకపోయినా మాత్రం వాడకండి.

ఆ 12 సెంటీమీటర్లను మీరే కొలవొచ్చు. తిరిగే గాజు పళ్లెం, దాని కింది చక్రాల రింగు తీసేయండి. మధ్య కుదురుకి తగలకుండా ఒక గాజు గిన్నె బోర్లించి, దాని మీద కదలకుండా వెడల్పాటి పింగాణీ ప్లేటు పెట్టండి. ప్లేటు నిండా పచ్చి మినప అప్పడాలు పరచండి. ఒక మూల అర గ్లాసు నీళ్లు ఉంచండి. అప్పడాల్లో తేమ తక్కువ, ఓవెన్‌ని దాదాపు ఖాళీగా నడపకూడదు. ఫుల్ పవర్‌లో పెట్టి కళ్లు తిప్పకుండా చూస్తుండండి. అక్కడక్కడా తెల్లగా పొంగిన మచ్చలు కనిపించగానే ఆపేయాలి. పక్కపక్క మచ్చల నడుముల మధ్య దూరం 6 సెంటీమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. అది అలలో సగం. రెట్టించి, ఓవెన్ వెనక చీటీ మీది 2450 మెగాహెర్ట్జ్‌తో, అంటే 245 కోట్లతో గుణించండి. 0.12 మీటర్లకి సెకనుకు 29.4 కోట్ల మీటర్లు వస్తుంది. వంటింట్లో కాంతి వేగం కొలిచినట్టే!

మరీ ఎక్కువసేపు ఉంచితే మచ్చలు కలిసిపోయి ఏమీ తెలియదు. అలలు ఆరు వైపులా కొట్టుకుని తిరుగుతాయి కాబట్టి కొన్ని దూరాలు 5, కొన్ని 7 రావొచ్చు. నాలుగైదు కొలిచి సగటు తీయండి. పళ్లెం తిరగని రకం ఓవెన్లలో అలల్నే చెదరగొట్టే రెక్క ఉంటుంది, వాటిలో మచ్చలు తేలవు.

ప్రశ్న: సెల్ టవర్‌దీ రేడియేషనే, ఎక్స్‌రేదీ రేడియేషనే. మా వీధిలో మూడు టవర్లున్నాయి. అన్నీ కలిస్తే ఎక్స్‌రే అంత అవుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవదు. అలగా సాగినా, శక్తిని ఇచ్చేటప్పుడు ఈ తరంగం చిన్న చిన్న పొట్లాలుగానే ఇస్తుంది. ఆ పొట్లం పేరు ఫోటాన్. పౌనఃపున్యం, అంటే సెకనుకు వచ్చే అలల సంఖ్య, ఎంత ఎక్కువైతే పొట్లం అంత పెద్దది. ఎక్స్‌రేతో భయం అది అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టగలదనే. అలా ఊడగొట్టాలంటే ఒక్కో పొట్లంలో సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తికి వాడే కొలత) శక్తి ఉండాలి. 1800 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పొట్లంలో ఉన్నది అందులో పదమూడు లక్షలో వంతు. ఎక్స్‌రే పొట్లంలో వేలకు వేల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. చెట్టు మీద పదడుగుల ఎత్తున కాయ ఉంటే, అడుగు ఎత్తు ఎగిరేవాళ్లు లక్షమంది వచ్చినా అది అందదు. టవర్లు పెరిగితే ఎగిరేవాళ్లు పెరుగుతారు, ఎగిరే ఎత్తు పెరగదు.

ఈ అలలు ఖాయంగా చేసేది వేడెక్కించడం. దానికే హద్దు పెట్టారు. మన దేశంలో ఫోన్ నుంచి శరీరం పీల్చుకునే శక్తి 1 గ్రాము కణజాలం సగటున కిలోకి 1.6 వాట్లు మించకూడదు. స్టార్ హ్యాష్ 07 హ్యాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనిపిస్తుంది. దూరాన ఉన్న టవర్ కంటే చెవికి ఆనించిన ఫోన్ నుంచే తలకి ఎక్కువ చేరుతుంది, అదీ లిఫ్టులోనో సిగ్నల్ అందని గదిలోనో ఫోన్ బలం పెంచి అరిచినప్పుడు. అక్కడ మాట్లాడటం తగ్గించండి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2011లో ఈ అలల్ని ‘క్యాన్సర్‌కి కారణం కావచ్చు’ అనే అనుమానపు జాబితాలో పెట్టింది. ఎండ మాత్రం అదే సంస్థ లెక్కలో రుజువైన కారణాల జాబితాలో ఉంది. ఎండలోని అతినీలలోహిత పొట్లం దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టలేకపోయినా చర్మకణాల డీఎన్‌ఏని చెడగొట్టడానికి చాలు. టవర్ గురించి పడే బెంగలో సగమైనా మిట్టమధ్యాహ్నం పొలంలో తలగుడ్డ లేకుండా పనిచేసేవారి గురించి పడాలి.

ప్రశ్న: రిమోట్ పాడైందో, టీవీ పాడైందో తెలిసేదెలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మూతి దానివైపు పెట్టి బటన్ నొక్కండి. రిమోట్ వెలుగు పరారుణం, సాధారణంగా 940 నానోమీటర్లు, కంటికి ఆనదు. కెమెరాకి ఆనుతుంది. తెరమీద ఊదా రంగు చుక్క మిణుకుమంటే రిమోట్ వెలుగుతున్నట్టే, టీవీ సంగతి చూడాలి. చుక్క రాకపోతే ముందు సెల్స్ మార్చండి. వెనక కెమెరాతో చూసి రాలేదని రిమోట్ పారేయకండి, చాలా ఫోన్లలో దానికి పరారుణాన్ని ఆపే వడపోత గట్టిగా ఉంటుంది.