నోట్‌బుక్ చివరి పేజీలో ఉన్న అమ్మాయి

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే హారర్ సిరీస్ చూస్తానని నెల రోజులుగా ఒకటే గొడవ. క్లాసులో అందరూ చూసేశారట, తనొక్కతే మిగిలిందట. మా వారు ససేమిరా అంటున్నారు. మా అత్తగారు దయ్యాల సినిమాలు ఇంట్లో పెట్టొద్దంటున్నారు. మొన్న రాత్రి దుప్పటి కప్పుకుని నా ఫోన్‌లో చూస్తూ దొరికిపోతే మా వారు గట్టిగా అరిచి ఫోన్ లాక్కున్నారు. తర్వాత తన లెక్కల నోట్‌బుక్ తిరగేస్తే చివరి పేజీలో, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గాల్లో తేలుతున్న అమ్మాయి బొమ్మ గీసి ఉంది. నాకు భయమేసింది. పోయిన ఏడాది మా తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు, పాపకు వాడంటే ప్రాణం. ఆ రోజు పొద్దున వాడు ఫోన్ చేస్తే ఏదో అలకతో మాట్లాడలేదు కూడా. అప్పటి నుంచి కాస్త ముభావంగా ఉంటోంది, ఇప్పుడేమో ఈ సిరీస్ పిచ్చి. అసలు ఈ వయసు పిల్లలు ఇది చూడొచ్చా, చూడకూడదా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ సిరీస్ గురించి చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు, ఫలానా సీజన్ దాకా పర్లేదు, ఫలానాది వద్దు అని చెబుతుంటాను. మీకూ అదే రాద్దామనుకుంటూ ఆ బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఆ బొమ్మలో ఉన్న అమ్మాయి ఎవరో నాకు తెలుసు.

ఆ అమ్మాయి పేరు మాక్స్. ఆమెకు బిల్లీ అని ఒక సవతి అన్న ఉంటాడు, మూడో సీజన్ చివర్లో ఆమె కళ్ల ముందే చనిపోతాడు. బతికున్నన్నాళ్లూ ఆమెను నానా బాధలూ పెట్టినవాడే. వీడికేమైనా అయితే బాగుండునని ఆమె కూడా ఒకప్పుడు అనుకుంది. తీరా వాడు నిజంగానే పోయాక ఆ ఆలోచనే ఆమెను లోపల తినేస్తుంటుంది. స్నేహితులకు దూరంగా, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఒక్కతే తిరుగుతుంటుంది. నాలుగో సీజన్‌లో వచ్చే విలన్ వెక్నా సరిగ్గా ఇలాంటి పిల్లల్నే వెతుక్కుంటాడు, తప్పు చేశానన్న బాధ మోస్తూ దాన్ని ఎవరికీ చెప్పుకోలేని పిల్లల్ని. వాడు ఆమెను గాల్లోకి లేపేసినప్పుడు స్నేహితులు పరుగున వచ్చి ఆమెకు ఇష్టమైన పాట హెడ్‌ఫోన్స్‌లో పెడతారు. ఆ పాట వింటూ వాళ్లతో గడిపిన మంచి రోజులు తలుచుకుని, ఆమె వాడి పట్టులోంచి తప్పించుకుని బయటపడుతుంది. మీ పాప గీసింది ఆ సన్నివేశమే.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి, అదే, ఆ పొద్దుటి ఫోన్ సంగతి మళ్లీ చదువుకోండి.

నేను పొరబడి ఉండొచ్చు. ఆ బొమ్మ చాలామంది పిల్లలు గీస్తారు, నచ్చింది కాబట్టి గీస్తారు, అంతే. కానీ ఫోన్ చేసిన మామయ్యతో మాట్లాడకపోవడం, సాయంత్రానికి ఆయన లేకుండా పోవడం, ఏడాదిగా ఈ మౌనం, ఇప్పుడు ఆ బొమ్మ, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మీ పాపలో సిరీస్ పిచ్చి కనబడటం లేదు. తన బాధలాంటి బాధే పడుతున్న ఇంకో అమ్మాయి ఆమెకు దొరికింది. ఇంకో విషయం, అది నాలుగో సీజన్ సన్నివేశం. అంటే రీల్స్‌లోనో, స్నేహితురాలి ఫోన్‌లోనో, మొన్న దుప్పటి కిందో ఆ ముక్క తను చూసేసింది. చూడనివ్వాలా వద్దా అని మీరింకా ఆలోచిస్తున్నారు గానీ, పాప ఎప్పుడో మొదలుపెట్టేసింది.

సరే, సిరీస్ సంగతికి వద్దాం. 2016లో మొదలై 2025 చివర్లో వచ్చిన అయిదో సీజన్‌తో ముగిసింది. మొదట్లో అందులో పిల్లలకు పన్నెండేళ్లు. వాళ్లు పెరిగేకొద్దీ కథలో భయం, రక్తం కూడా పెరుగుతూ వచ్చాయి. అందుకే ‘ఈ సిరీస్ చూడొచ్చా’ అని మొత్తానికి కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు. అమెరికాలో దీనికి ఇచ్చిన రేటింగ్ టీవీ-14, అంటే పద్నాలుగు లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు గట్టిగా ఆలోచించుకోవాలని. మన దగ్గర ఓటీటీ సిరీస్‌లకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండదు. 2021లో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం 7+, 13+, 16+, పెద్దలకు మాత్రమే అంటూ ఆ సంస్థలే తమ కంటెంట్‌కు వయసు నిర్ణయిస్తాయి. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ కూడా ఇవ్వాలి. ప్లే చేయగానే స్క్రీన్ మూలన ఆ రేటింగ్, కారణాలు కనిపిస్తాయి, అవి తప్పకుండా చదవండి. అయితే ఎంత రక్తం, ఎలాంటి మాటలు అన్నదే ఆ గుర్తు చెప్పగలదు, మీ ఇంట్లో పోయిన ఏడాది ఏం జరిగిందో దానికి తెలియదు కదా.

మొదటి సీజన్ నాకు ఇష్టం. తప్పిపోయిన స్నేహితుడి కోసం సైకిళ్లేసుకుని వెతికే పిల్లలు, కొడుకు బతికే ఉన్నాడని చుట్టూ ఉన్నవాళ్లు కాదన్నా నమ్మే తల్లి, వీళ్లే ఆ కథకు ప్రాణం. కానీ అందులోనూ క్వారీ నీళ్లలోంచి పిల్లాడి శవం (అది బొమ్మ అని తర్వాత తెలుస్తుంది) బయటికి తీసే సన్నివేశం ఉంది, తోటి పిల్లలు కత్తితో బెదిరిస్తే ఒక పిల్లాడు కొండ అంచు నుంచి దూకేసే సన్నివేశం ఉంది. పక్కన పెద్దవాళ్లుంటే మొదటి రెండు సీజన్లు 13 ఏళ్ల పిల్లలు చూడొచ్చని నా అభిప్రాయం. మూడోదానికి కాస్త గుండె ధైర్యం కావాలి, మనుషుల శరీరాలు కరిగి ముద్దైపోవడం చూపిస్తారు. నాలుగోది పూర్తిగా వేరే. మొదటి ఎపిసోడ్ మొదట్లోనే ల్యాబ్‌లో పిల్లల శవాలు కనిపిస్తాయి, చివర్లో ఒక హైస్కూల్ అమ్మాయిని గాల్లోకి లేపి ఎముకలు విరిచేస్తారు. 2022లో అది విడుదలయ్యే ముందే టెక్సాస్‌లోని ఒక బడిలో కాల్పులు జరిగి పిల్లలు చనిపోతే, అక్కడి ప్రేక్షకుల కోసం ఆ ఎపిసోడ్ ముందు ప్రత్యేకంగా హెచ్చరిక వేశారు. మామూలుగా ఉన్న పిల్లలకైనా నాలుగో సీజన్ 15, 16 వచ్చాక చూపించమంటాను.

మీ పాప విషయంలో నాకు ఇంకో బెంగ ఉంది. తను గీసింది మాక్స్ తప్పించుకున్న సన్నివేశం. అదే సీజన్ చివర్లో మాక్స్ తప్పించుకోలేదు. చేతులూ కాళ్లూ విరిగి, చూపు పోయి, నాకు చావాలని లేదని స్నేహితుడి ఒళ్లో ఏడుస్తుంది, తర్వాత హాస్పిటల్‌లో స్పృహ లేకుండా పడి ఉంటుంది. పాపకు ఇది తెలుసో లేదో. ఇప్పుడు తను పట్టుకుని ఉన్న ఊతం ఆ బొమ్మ. రాత్రి పదకొండింటికి దుప్పటి కింద, ఒక్కతే ఆ చివరి ఎపిసోడ్ దాకా వెళ్లడం మాత్రం జరగకూడదు.

కాబట్టి ముందు సిరీస్ కాదు, మాట. ఈ ఆదివారం ఇంట్లో కాస్త సందడి తగ్గాక, తల దువ్వుతూనో బట్టలు మడతపెడుతూనో, నోట్‌బుక్ చూశానని ఒప్పేసుకోండి. అడక్కుండా చూసినందుకు సారీ చెప్పండి. “బొమ్మ బాగా వేశావు, ఎవరీ అమ్మాయి, ఏ పాట వింటోంది?” అని అడగండి. మామయ్య పేరు మీరు ఎత్తొద్దు. పాప మాక్స్ గురించి చెబుతుంది, ఆపకుండా వినండి. ఆ మాటల్లోనే బిల్లీ సంగతి వస్తుంది. అప్పుడు మీరు మీ గురించి చెప్పండి, మీ తమ్ముడితో మీరు పడిన ఒక పోట్లాట, చెప్పాలనుకుని చెప్పకుండా ఉండిపోయిన ఒక మాట. అమ్మా, మీరూ తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు కదా, ఉత్తరమంతా పాప గురించే రాశారు. ఇంట్లో ఆయన పేరెత్తితే ఎవరో ఒకరు ఏడుస్తారని అందరూ ఎత్తడమే మానేశారేమో, చాలా ఇళ్లలో అదే జరుగుతుంది.

పాప ఆ ఫోన్ విషయం బయటపెడితే, వెంటనే “ఛ, నీ తప్పేం లేదు, అవన్నీ మనసులో పెట్టుకోకు” అనేయకండి. మనం ప్రేమతోనే అంటాం గానీ పిల్లలకు అది ఇక మాట్లాడకు అన్నట్టు వినబడుతుంది. పూర్తిగా చెప్పనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత మెల్లగా చెప్పండి, నువ్వు ఆ పొద్దున మాట్లాడి ఉన్నా మామయ్య బండి ఆ రోడ్డు మీదే వెళ్లేది, నీ అలక ఎలాంటిదో మామయ్యకు తెలుసు, సాయంత్రం మళ్లీ చేద్దాంలే అనుకునే ఉంటాడు అని.

ఆ తర్వాత సిరీస్. మొదటి సీజన్ నుంచి కలిసి మొదలుపెట్టండి, పగలు, హాల్లో, టీవీలో. మీ వారు కూర్చుంటే ఇంకా మంచిది, ఆయన ఫోన్ లాక్కున్న గొడవ కూడా దాంతో చల్లారుతుంది. ప్రతి ఎపిసోడ్‌నూ ఉత్కంఠ మీదే ఆపుతారు, తర్వాతిది దానంతటదే మొదలవుతుంది, అందుకే ‘ఒక్కటే చూసి పడుకో’ అంటే పెద్దవాళ్లమైనా మాట నిలుపుకోలేం. సెట్టింగ్స్‌లో ఆటోప్లే తీసేయండి. ఎపిసోడ్ చివర ఆపకుండా తర్వాతిది ఓ పావుగంట చూసి, ఆ ముడి కాస్త విడిపోయాక ఆపండి, నిద్ర పాడవదు. భయపడితే కళ్లు మూసుకోమని చెబుతాం, కానీ ఇందులో భయపెట్టేది సగం శబ్దమే, సౌండ్ తగ్గించండి. పాప ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోండి, ఎందుకు పెట్టారో పాపతో చెప్పే పెట్టండి. హెడ్‌ఫోన్స్ సన్నివేశం చూపించమని అడిగితే ఆ ఒక్కటీ పక్కన కూర్చుని చూడండి. నాలుగో సీజన్ మొత్తం మాత్రం ఇప్పుడు వద్దు, రెండేళ్లు ఆగుదామని చెప్పండి, సీజన్ చివర ఏమవుతుందో కూడా మీ నోటితో మీరే చెప్పేయండి. మీ అత్తగారికి ఇది దయ్యాల సినిమా కాదని వాదించక్కర్లేదు, పాపకు తోడుగా మేం కూర్చుంటున్నాం అని చెబితే ఆవిడ మెత్తబడతారు.

ఒక జాగ్రత్త. వెక్నా పట్టబోయే పిల్లలకు ముందు తలనొప్పి, పీడకలలు, ముక్కులోంచి రక్తం వస్తాయి. ఎండాకాలంలో ముక్కు అదిరి రెండు చుక్కల రక్తం కారితే, ఇక నా వంతు వచ్చిందని మూడు రాత్రులు నిద్రపోని ఏడో తరగతి బాబును నేను చూశాను. వాళ్లమ్మకు చెప్పలేదు, చెబితే ఫోన్ లాక్కుంటారని. మీ పాప తలనొప్పి అంటే పరీక్షల టెన్షన్ అనుకుని వదిలేయకండి, ఏం భయమేస్తోందో అడగండి.

నిద్ర సరిగ్గా పట్టకపోయినా, తిండి తగ్గినా, స్నేహితులను పూర్తిగా వదిలేసినా, నేనూ మామయ్య దగ్గరికి వెళ్లిపోతే బాగుండు లాంటి మాట ఒక్కసారి అన్నా, ఆదివారం దాకా ఆగొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. దగ్గర్లో ఉన్న సైకియాట్రిస్టుకూ చూపించండి.

మాట్లాడాక ఎలా జరిగిందో నాకు రాయండి. మాక్స్ గురించి పాప ఏం చెప్పిందో అది కూడా.