జర్మన్ తిట్లలో ఇంగ్లీష్‌లోకి వెళ్ళినవి ఏవి? జర్మనీలో నిజంగా వాడేవి ఏవి?

ష్వైనెహుండ్ (పందికుక్క), డుమ్‌కోఫ్ (మందబుద్ధి) అని రాసి, జర్మనీలో తిట్లంటే ఇవే కదా అని అడిగారు. నేను ష్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను, రోజంతా చుట్టూ జర్మన్లే, ఈ రెండూ ఎవరైనా తిట్టుగా వాడగా నేను వినలేదు. రెండో ప్రపంచ యుద్ధం మీద ఇంగ్లీష్‌లో వచ్చిన కామిక్స్, సినిమాలు జర్మన్ సైనికుడి నోట్లో పెట్టి పెట్టి వీటిని ప్రపంచమంతా తిప్పాయి. ష్వైనెహుండ్ ఇక్కడ ఎక్కువగా ఇంకో అర్థంలో బతుకుతోంది: పొద్దున్నే లేచి పరుగుకి వెళ్ళనివ్వని మన లోపలి బద్ధకాన్ని అలా అంటారు. 1932 ఫిబ్రవరిలో జర్మన్ పార్లమెంటులో సోషల్ డెమోక్రాట్ సభ్యుడు కుర్ట్ షూమాఖర్ లేచి, నాజీల ప్రచారమంతా మనిషిలోపలి ష్వైనెహుండ్‌ని రెచ్చగొట్టడమే అన్నాడు. మరుసటి ఏడు హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆయన్ని దాదాపు పదేళ్ళు నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఆ మాట వెనక అంత బరువుంది.

ఇక్కడ రోజూ చెవిన పడేది షైసె, అంటే మలం. వాన పడితే షైస్‌వెటర్, చలేస్తే షైస్‌కాల్ట్, దేనికైనా ముందు తగిలించేస్తారు. జర్మన్ తిట్లు చాలావరకు మలం, పిర్రల చుట్టూనే తిరుగుతాయి, మనలాగా అమ్మనీ అక్కనీ అంతగా లాగరు. కొంచెం మర్యాదగా అనాలంటే మిస్ట్ అంటారు, అంటే పెంట, మనం "అంతా పెంట చేశావు" అంటామే, అచ్చం అలాగే వాడతారు. వారం రోజులుగా లీకవుతున్న వాల్వు ఒకటి మా బెంచి మీద ఉన్నట్టుండి పాసయింది, స్క్రీన్ మీద పచ్చ గీత అలా నిలబడితే మా సీనియర్ చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నెమ్మదిగా "లెక్ మె ఆమ్ ఆర్ష్" అన్నాడు. నా పిర్రని నాలుకతో నాకు అని అర్థం, కానీ ఈ ష్వాబియా ప్రాంతంలో అది "ఓరి నాయనో" కూడా. జర్మన్ మహాకవి గోథె 1773లో రాసిన గోట్స్ నాటకంలో ఈ తిట్టు ఉండటంతో దానికి పెద్ద పేరొచ్చింది.

ఇక ఇంగ్లీష్ సంగతి. నేరుగా వెళ్ళిన వాటిలో నాకు బాగా నచ్చేది షైస్టర్, అంటే మోసగాడైన లాయరు. 1843లో న్యూయార్క్ జైలు చుట్టూ తిరిగే దొంగ వకీళ్ళని తిడుతూ మైక్ వాల్ష్ అనే సంపాదకుడు తన పత్రికలో ఈ మాట అచ్చేశాడు. జెరాల్డ్ కోహెన్ అనే పరిశోధకుడు పాత పత్రికలు తిరగేసి, దీని మూలం షైసర్ అనే జర్మన్ తిట్టేనని చూపించాడు. షూస్టర్ అనే లాయరు పేరు మీద వచ్చిందని చెప్పే కథ నమ్మకండి.

ఇంగ్లీష్‌లో వినబడే ష్మక్, పుట్జ్ (ఇదీ వెధవే), క్లట్జ్ (మొద్దు) మాత్రం జర్మన్ కాదు, యిడ్డిష్. 1880ల నుంచి 1920ల దాకా తూర్పు యూరప్ నుంచి అమెరికా వెళ్ళిన 20 లక్షల మంది యూదులు తీసుకెళ్ళిన మాటలవి. వాళ్ళ భాష జర్మన్‌కి దగ్గరి చుట్టం కాబట్టి అందరూ జర్మన్ ఖాతాలో వేసేస్తారు. ష్మక్ అంటే అమెరికాలో వెధవ, ఇక్కడ జర్మన్‌లో అవే అక్షరాలకి నగలు అని అర్థం, నగల దుకాణం బోర్డు మీద ఉండే మాట.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు "గాట్ ష్ట్రాఫె ఇంగ్లండ్", దేవుడా ఇంగ్లండ్‌ని శిక్షించు అని శాపం పెడితే, బ్రిటిష్ సైనికులు దాన్ని ఎగతాళిగా వాడుకుని, బాంబులేయడానికి స్ట్రేఫ్ అన్నారు, తర్వాత విమానంలోంచి కాల్చడానికీ అదే మాట. మన పిల్లలు షూటింగ్ గేముల్లో పక్కకి జరుగుతూ స్ట్రేఫ్ అనేది దీన్నే.

ఇటునుంచి అటే కాదు, అటునుంచి ఇటూ వచ్చాయి. షిట్‌స్టార్మ్, అంటే ఆన్‌లైన్‌లో ఒకరి మీద విరుచుకుపడే తిట్ల వరద, ఇక్కడ ఎంత మామూలు మాటయిందంటే 2013లో డూడెన్ నిఘంటువులోకి ఎక్కింది, 2018లో న్యూరెంబర్గ్ సభలో అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ ఏ తడబాటూ లేకుండా అనేసింది. నోరెళ్ళబెట్టింది ఇంగ్లీష్ పత్రికలవాళ్ళు.

వచ్చే సెమిస్టర్‌కి వస్తున్నానన్నారు కాబట్టి ఇంకో మాట. వాన మీద, మెషీన్ మీద షైసె అంటే ఎవరూ పట్టించుకోరు. మనిషిని పట్టుకుని ఆర్ష్‌లోఖ్ (పిర్రల కన్నం) అంటే, కారులోంచి మధ్యవేలు చూపించినా సరే, శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద కేసవుతుంది, జరిమానా గానీ ఏడాది దాకా జైలు గానీ పడొచ్చు, పోలీసుల దగ్గరైతే మరీ జాగ్రత్త.