మా అబ్బాయి రిపోర్టులోనూ అదే పేరు ఉంది

మీ తమ్ముడి కూతురికి పదిహేడేళ్లకే షుగరు వచ్చిందనీ, జన్యు పరీక్షలో 'హెచ్‌ఎన్‌ఎఫ్‌1ఏ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో లోపం' అని రాశారనీ, అదేమిటో ఎవరూ విడమరచి చెప్పడం లేదనీ అడిగారు. అలాంటి కాగితమే చేతిలో పట్టుకుని ఏడ్చినదాన్ని నేను. అందుకే రాస్తున్నాను.

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. మావాడు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుండగా షుగరు బయటపడింది. చిన్న వయసు కాబట్టి టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోయే రకం అన్నారు. రోజుకు నాలుగు సూదులు. హాస్టల్ గదిలో ఫ్రిజ్ లేదు. ఎండాకాలంలో ఇన్సులిన్ పెన్నును చిన్న మట్టి ముంతలో పెట్టి, ముంతకు తడిగుడ్డ చుట్టుకునేవాడు. సెలవులకు ఇంటికొచ్చి చొక్కా విప్పితే బొడ్డు చుట్టూ సూది గాట్లు, అక్కడక్కడా గట్టిపడిన గడ్డలు. నా చేత్తో తడిమి చూశాను.

మా ఆయనకు ఇరవై నాలుగో ఏటే షుగరు. మా అత్తకు రెండో కాన్పు నాటికే ఉంది. ఇద్దరూ సన్నటి మనుషులే. చూపించిన చోటల్లా "వంశంలో ఉందిలేమ్మా" అనేవాళ్లు. చివరికి వేలూరులో ఒక డాక్టరు గారు ఎవరికి ఏ వయసులో వచ్చిందో అడిగి కాగితం మీద రాసుకున్నారు. తర్వాత యాంటీబాడీల పరీక్ష, ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష రాశారు. టైప్ 1లో సాధారణంగా కనిపించే యాంటీబాడీలు లేవు. మూడేళ్లయినా మావాడి ఒంట్లో సొంత ఇన్సులిన్ తయారవుతూనే ఉంది. అప్పుడు జన్యు పరీక్ష చేయించాం.

ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి, కానీ అన్నీ అన్నిచోట్లా పనిచేయవు. ఎక్కడ ఏది తెరవాలో, ఏది ముయ్యాలో చూసే ప్రొటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. మా కాలువ మీద లస్కరు లాంటివనుకోండి. లస్కరు సేద్యం చేయడు, కానీ తూము షట్టరు ఎత్తకపోతే మడి తడవదు. హెచ్‌ఎన్‌ఎఫ్‌1ఏ మొదట కాలేయంలో కనబడింది కాబట్టి ఆ పేరే పెట్టారు, అందులో హెచ్ అంటే హెపటోసైట్, కాలేయ కణం. క్లోమంలో, మూత్రపిండాల్లో, పేగుల్లో కూడా దానికి పని ఉంది. క్లోమంలోని బీటా కణాలు చక్కెరను మండించి, ఆ లెక్కన ఇన్సులిన్ వదలాలంటే కావలసిన జన్యువులను ఇదే తెరుస్తుంది. మనకు ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా పని కుంటుపడుతుంది. అందుకే పుట్టినప్పుడు బాగానే ఉండి, ఎక్కువమందిలో పాతికేళ్లలోపు షుగరు బయటపడుతుంది. చిన్న వయసులోనే, ఒకే జన్యువు లోపంతో వంశంలో వచ్చే షుగరును మోడీ (MODY) అంటారు, అందులో ఇది మోడీ-3 రకం. కారణమైన జన్యువును 1996లో గుర్తించారు.

రక్తంలో షుగరు పెద్దగా లేకపోయినా మూత్రంలో కనబడటం మమ్మల్ని చాలా తికమక పెట్టింది. మూత్రపిండాలు చక్కెరను వెనక్కి పట్టుకోవడానికీ ఈ ప్రొటీన్ కావాలి, అందుకే అలా జరుగుతుందట.

మీరు డాక్టరును తప్పక అడగాల్సింది మాత్రం మాత్రల సంగతి. గ్లిక్లజైడ్ లాంటి సల్ఫోనైల్‌యూరియా మాత్రలు ఈ రకానికి బాగా పనిచేస్తాయి. చక్కెర మండే దశతో పనిలేకుండా అవి బీటా కణం గోడలోని పొటాషియం ద్వారాన్ని నేరుగా మూసి ఇన్సులిన్ వదిలేలా చేస్తాయి. లస్కరు రాకపోతే కాలువకు డీజిల్ ఇంజను పెట్టి తోడుకోమూ, అలాగే. మావాడికి చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, డాక్టరే సూదులు ఒక్కొక్కటిగా తీసేశారు. అయినా మొదటి వారంలో క్రికెట్ ఆడొచ్చి చేతులు వణుకుతున్నాయన్నాడు. చూస్తే షుగరు 58కి పడిపోయింది. చక్కెర నీళ్లు తాగించి ఫోన్ చేస్తే మోతాదు ఇంకా సగం చేశారు. దయచేసి ఇంట్లో మీరే ఇన్సులిన్ ఆపకండి. అందరికీ మాత్రలు చాలవు, కొందరికి కొన్నేళ్ల తర్వాత మళ్లీ ఇన్సులిన్ కావాలి. షుగరు అదుపులో లేకపోతే కళ్లకు, కిడ్నీలకు ముప్పు ఇందులోనూ అంతే.

లోపం ఉన్నవాళ్ల ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. మా ఆయనకూ పరీక్ష చేయించాం, అదే లోపం. ఆయన మందులూ మార్చారు. మా చిన్నదానికి పదకొండేళ్లు, ఇంకా చేయించలేదు, వచ్చే సెలవుల్లో తీసుకెళ్తాం. ఇంతకీ ఆ పాపకు ఇది మీ తమ్ముడి వైపు నుంచి వచ్చిందా, మీ మరదలి వైపు నుంచా? రెండు వైపులా ఎవరికి ఏ వయసులో షుగరు వచ్చిందో ఒక కాగితం మీద రాసి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి.