జెంప్ ఛాందసవాదా?

సందేహం: స్విట్జర్లాండ్ చరిత్ర గురించి చదువుతుంటే ఒకచోట జోసెఫ్ జెంప్‌ను ‘ఛాందసవాద నేత’ అన్నారు. కన్సర్వేటివ్‌ను అలా అనొచ్చా? మితవాది అనాలా?

సమాధానం: ఛాందసవాది అని మాత్రం అనకండి. ఈ మాటకు పట్టిన గతి చూస్తే నాకు ఎప్పుడూ బాధే. ఛందస్సు అంటే ఇవాళ మనకు గణాలు, యతిప్రాసలే గుర్తొస్తాయి గానీ దానికి వేదం అనే అర్థం కూడా ఉంది, పాణిని ‘ఛందసి’ అన్నచోటల్లా ‘వేదంలో’ అనే చెప్పుకుంటాం. ఆ వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. ‘శ్రోత్రియచ్ఛాందసౌ సమౌ’ అని అమరసింహుడు వేదపండితుడైన శ్రోత్రియుణ్నీ, ఛాందసుణ్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టాడు. వేదపదాల వ్యుత్పత్తులు చెప్పిన యాస్కుడు ఇంకా లోతుకు వెళ్లి ‘ఛందాంసి ఛాదనాత్’ అన్నాడు, కప్పుతాయి కాబట్టి ఛందస్సులట. సంతోషపెట్టడం అనే అర్థమున్న ధాతువు నుంచి సాధించేవాళ్లూ ఉన్నారు, నాకు యాస్కుడి మాటే ఇష్టం. అంత గౌరవమైన మాట, చదువు తప్ప లోకం తెలియనివాడు అనే అర్థంలోకి జారింది. ఇళ్లలో పెద్దవాళ్లను విసుక్కుంటూ అనే ‘చాదస్తం’ కూడా దీని బిడ్డే. ఇప్పుడు దానికి ‘వాది’ తగిలించి, మతోన్మాదికీ కన్సర్వేటివ్‌కూ కలిపి ఒకే మాట వాడేస్తున్నారు. రాసేముందు ఒక్కసారి నిఘంటువు తెరిస్తే ఏం పోతుంది?

పైగా జెంప్‌కు ఆ మాట అసలు అతకదు. 1834లో లూసర్న్ క్యాంటన్‌లోని (క్యాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) ఎంట్లెబుక్‌లో పుట్టిన లాయరు ఆయన. 1848 నుంచీ స్విస్ కేంద్ర మంత్రివర్గమైన ఫెడరల్ కౌన్సిల్‌లోని ఏడు స్థానాలూ ర్యాడికల్, లిబరల్ వర్గాలవే. 1891 డిసెంబరులో అందులోకి ఎన్నికైన తొలి క్యాథలిక్ కన్సర్వేటివ్ ఈయనే, తర్వాత 1895లో, 1902లో అధ్యక్షుడు కూడా అయ్యారు. అధికారమంతా కేంద్ర ప్రభుత్వం ఉండే బెర్న్‌కు పోకుండా క్యాంటన్ల హక్కులు నిలవాలన్నది ఆయన పక్షం, ప్రైవేటు రైల్వేలను ప్రభుత్వం కొనడాన్ని మొదట్లో వ్యతిరేకించారు. అలాంటి మనిషి, రైల్వే శాఖ చేతికొచ్చాక రైల్వేల జాతీయీకరణను తానే తలకెత్తుకొని 1898 ప్రజాభిప్రాయ సేకరణలో గెలిపించారు. పట్టిన పట్టు విడవనివాడు ఛాందసుడైతే ఈయన్ని ఆ మాట ఎలా అంటాం?

మితవాది అన్నది గోఖలే వంటివారికి, అతివాదులకు ఎదురుగా స్థిరపడింది. అక్కడే ఉండనివ్వండి.

‘సంప్రదాయవాది’ కొంత నయం. సమ్, ప్ర, దా, అంటే చక్కగా చేతికందించడం. తెలుగులో ఆ మాట వినగానే కట్టూబొట్టూ మెదులుతాయి, అదొక్కటే చిక్కు. అందుకని పార్టీ పేరుగా కన్సర్వేటివ్‌నే ఉంచి, మనిషి ధోరణి చెప్పేచోట సంప్రదాయవాది అనండి. ఇంతకన్నా మంచి మాట మీకు తడితే రాయండి, నేనూ వాడతాను.